కూర్చున్న చెవులు

పెళ్ళిళ్ళకూ చావులకూ, జాతరలకూ ఎలక్షన్లకూ మైకులు కట్టి, జీవితమంతా ఊళ్ళవాళ్ళ చెవులకు చిల్లులు పొడిచినవాణ్ణి నేను. పోయిన నెల తిరుపతిలో ఒక డాక్టరు నా చెవికే మైకు కట్టాడు. శనగగింజంత ఉంది. నేను ఇన్నేళ్ళు భుజాన మోసిన పెట్టెలు చేసే పని అదొక్కటే చేస్తుందట, పైగా వానొస్తే పట్టా కప్పే పని కూడా లేదట. చెవుడు ఎప్పటినుంచి అని డాక్టరు నన్ను అడిగితే, పక్కనున్న మా ఆవిడ "పెండ్లయిన మర్నాటి నుంచి సార్" అని చెప్పింది. ఆయన అది రాసుకున్నాడో లేదో తెలియదు గానీ, కాగితం మీద నుంచి తల మాత్రం చాలాసేపు పైకెత్తలేదు.

మిషను పెట్టగానే పాత అలవాటు కొద్దీ లేచాను. కొత్త స్పీకరు కట్టినవాడు మొదట చేసే పని నడవడమే కదా. కిటికీ దగ్గరికి వెళ్ళి బస్సు హారను విన్నాను. మూలకు వెళ్ళి ఫ్యాను విన్నాను. తలుపు దగ్గర నిలబడి బయట పేర్లు పిలిచే అమ్మాయి గొంతు విన్నాను. డాక్టరు ఓపిక పట్టి, పట్టి, చివరికి "పెద్దాయనా, ముందు కూర్చోండి. మీరట్లా తిరుగుతా ఉంటే నేనెట్లా సరిచేసేది?" అన్నాడు. ఆ మాట కొత్త చెవిలో పడగానే నాకు చిత్తూరులోని ఒక పాత చర్చీ, అక్కడి చాపలూ, ఆ మాటే నాకు మొట్టమొదట చెప్పిన ఒక అమ్మగారూ గుర్తొచ్చారు.

అంతకు ముందు నా సంగతి కాస్త చెప్పాలి. నేను పుట్టింది నగరిలో, మరమగ్గాల ఇంట్లో. ఆ మోతలో ఉప్పు అందుకోమన్నా అరిచే చెప్పాలి, ముద్దు మాటలైనా అరిచే చెప్పాలి. పొద్దున కరెంటు పోయి మగ్గాలు ఆగిపోతే ఇంట్లోవాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకుని సిగ్గుపడేవాళ్ళం. అలాంటి ఇంట్లో పుట్టినవాడు మైకు వ్యాపారంలోకి రాకుండా ఎక్కడికి పోతాడు? ఎనిమిదో క్లాసులో సైన్సు సారు శబ్దం అనే పాఠం మొదలుపెట్టక ముందే నేను బడి మానేశాను. అందువల్ల శబ్దం గురించి నాకు తెలిసిందంతా శబ్దం దగ్గరే నేర్చుకున్నాను. అది సైన్సు సారులా బెత్తం పట్టుకోదు గానీ, తప్పు చేస్తే నలుగురిలో కుయ్యిమని కూసి పరువు తీస్తుంది.

ఆ చర్చి దొరల కాలం నాటిది. మందపాటి రాతి గోడలు, పడవను బోర్లించినట్టు కొయ్య కప్పు, ఎత్తున అడ్డంగా టేకు దూలాలు. లోపలికి వెళ్తే ఫినాయిలు, కొవ్వొత్తి, మల్లెపూలు, పాత పాటల పుస్తకాలు, అన్నీ కలిసిన ఒక చల్లని వాసన వచ్చేది. కుడివైపు మగవాళ్ళు బల్లల మీదా కుర్చీల మీదా కూర్చుంటారు. ఎడమవైపు ఆడవాళ్ళు నేల మీద చాపలు పరుచుకుని కూర్చుంటారు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలకు కుర్చీ వేస్తామన్నా వద్దనేవాళ్ళు. దేవుని ముందర మనకు కుర్చీ ఏంది అని వాళ్ళ వాదన. చెప్పులన్నీ మెట్ల మీదే. ఆ చెప్పుల గుట్టలో తనవి వెతుక్కోవడం దగ్గరే ఊళ్ళో సగం కబుర్లు జరిగేవి.

అక్కడి పాస్టరును అందరూ అయ్యగారు అనేవాళ్ళు. చాలా నెమ్మదస్తుడు. మొదటినుంచీ మెత్తటి గొంతేనట. దానికి తోడు గొంతులో ఆపరేషన్ అయింది. గొంతు తిరిగొచ్చింది గానీ పోయినంతా రాలేదు. రిటైరు కావడానికి ఇంకో ఏడాది ఉంది. ఆ సమయంలో చర్చి సెక్రటరీ చిత్తూరులోని నా మైకు షాపుకు వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు. ఆయన్ని చూడగానే బడి ఎగ్గొట్టినవాళ్ళందరిలాగే నేను కూడా లేచి నిలబడ్డాను.

"ముందర రెండు పెద్ద పెట్టెలుండాయి గదప్పా, మొదటి వరసోళ్ళకి తల నొస్తుంది, కడా వరసోళ్ళకి మాట రాదు" అన్నాడు. "రోంత పెంచితే కుయ్యిమంటాది. మా అమ్మ ప్రతి ఆదివారం ఇంటికొచ్చి, అయ్యగారు ఏం చెప్పినాడురా అని నన్నడుగుతాది. నాకు గుర్తుంటే గదా చెప్పేదానికి."

విషయం అంతటితో అయిపోలేదు. కమిటీలో ఒక మాట అనుకున్నారట. పంటలు తెచ్చి చర్చిలో పెట్టే కోత పండుగ దాకా చూస్తారట. ఆ రోజు కూడా ఆడవాళ్ళ వైపు వినపడకపోతే, వాక్యం, అంటే ఆదివారం ప్రసంగం, చెప్పడానికి ఇంకొకర్ని పంపమని పైవాళ్ళకు రాసేస్తారట. అయ్యగారు ఉంటారు, ప్రార్థన చేసి పక్కన కూర్చుంటారు.

"అయ్యగారికి తెలుసునా సార్?" అని అడిగాను.

"చెప్పినాము. మీ ఇష్టం అన్నట్టుండాడు. అదీ సరిగా ఇనపడలే" అన్నాడు సెక్రటరీ. నవ్వుతూ అనలేదు. ఆయనకు అయ్యగారి మీద కోపం లేదు, తల్లి అడిగే ప్రశ్న మీదే భయం.

కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు అయ్యగారే తలుపు తీశాడు. సన్నని మనిషి, తెల్లచొక్కా, జేబులో కళ్ళద్దాల డబ్బా. నేను దూలాలు చూస్తుంటే నా పక్కనే నిలబడి ఆయన కూడా దూలాలు చూశాడు. చివరికి మెల్లగా, "ఒక్క ఏడాదప్పా. ఈడ చెప్పాల్సింది ఇంకా కొంచెం మిగిలుండాది" అన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి వినపడింది. ఆ మాట విన్నాక ఆ పని నాకు మామూలు పనిలా అనిపించలేదు.

శబ్దాన్ని అందరికీ సమంగా పంచడమంటే తోటకు నీళ్ళు పెట్టడం లాంటిదే. ఒకే మడవ తెగ్గొట్టి వదిలితే మొదటి పాదు మునిగిపోతుంది, చివరి పాదు ఎండిపోతుంది. పాదు పాదుకూ కొంచెం కొంచెం వదలాలి. అందుకని ముందున్న పెద్ద పెట్టెలు తీసేసి, చర్చి పొడుగునా రెండు వైపులా దూలాలకు సన్నపాటి స్పీకర్లు వేలాడదీద్దామన్నాను. ఒక్కొక్కటీ తన కిందివాళ్ళతో మాత్రమే గుసగుసగా మాట్లాడాలి. ఇంకో కిటుకు కూడా ఉంది. వెనక స్పీకర్లను ఒక్క త్రుటి ఆలస్యంగా మాట్లాడించాలి. ముందున్న మనిషి గొంతు అంత దూరం నడిచి వచ్చేదాకా అవి ఆగాలి. రెండూ కలిసి చెవిని చేరితే, మాట స్పీకరులోంచి కాక అయ్యగారి నోట్లోంచే వచ్చినట్టుంటుంది. ఆగకపోతే ఒక్క మనిషి ఇద్దరై పోట్లాడుకున్నట్టుంటుంది.

దూలాలకు మేకు కొట్టకూడదని సెక్రటరీ ఆజ్ఞ. అందుకని మా బావమరిదిని నగరి నుంచి రప్పించాను. మగ్గాల షెడ్డు తాళ్ళతో ముందు ఊరికే వేలాడదీసి, ఎత్తూ వాలూ కుదిరాక గొలుసులు వేద్దామని మా పద్ధతి. స్పీకరు ఏ వైపు చూస్తున్నదో కంటికి తెలియదు కాబట్టి దాని నెత్తిన ఒక టార్చిలైటు కట్టేవాళ్ళం. కిటికీలు మూసి చీకటి చేస్తే, వెలుగు ఎక్కడ పడితే మాట అక్కడ పడుతుంది. ఫ్యాను రెక్కల్లోంచి వెలుగు వస్తే పక్కకు జరపాలి, లేకపోతే మాట చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. బావమరిది నిచ్చెన మీద, నేను కింద. వెలుగు సరిగ్గా నా మొహం మీద పడేదాకా తిప్పించాను. ఒక స్పీకరు అయ్యాక ఇంకోటి, ప్రతిదీ నా మొహం మీదికే.

"బావా, ఇంక చాలదా? ఆ మొహానికి ఇంత వెలుగు దేనికి?" అన్నాడు పైనుంచి.

"నువ్వు తిప్పరా. మీ అక్కకు నచ్చిన మొహం."

"మాయక్క చూసింది మబ్బుచీకట్లో గద బావా."

అన్నీ కట్టాక అయ్యగారు పీఠం దగ్గర నిలబడి పుస్తకం చదివాడు. నేను చర్చి అంతా తిరిగాను. ముందు, వెనక, స్తంభాల పక్కన, మూలల్లో, ఎక్కడ నిలబడినా మాట గుండ్రంగా, మెత్తగా, చెవి పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంది. సెక్రటరీ కూడా చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో తిరిగినట్టు తిరిగి, తల ఊపాడు. హెడ్మాస్టరు తల ఊపడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆ సంతోషంలో అప్పటికప్పుడు గొలుసులు కూడా వేసేశాం.

ఆదివారం వచ్చింది. నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. అయ్యగారు వాక్యం మొదలుపెట్టాడు. కుడివైపు మగవాళ్ళు కుదురుగా వింటున్నారు. నాకూ బ్రహ్మాండంగా వినపడుతోంది. ఎడమవైపు చూశాను. చాపల మీద ఒక ముసలమ్మ చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. ఇంకొకావిడ పక్కావిడను అడిగింది, ఆ పక్కావిడ ఆ పక్కావిడను అడిగింది. ఆ అడగడం గాలికి వరిచేను ఊగినట్టు వెనక్కి పోయింది. కొందరు పైకి చూస్తున్నారు, మాట ఎక్కడికి పోయిందా అని. అయ్యగారు పీఠం మీద నుంచి అదంతా చూస్తూనే ఉన్నాడు. చూస్తూ చూస్తూ మాట ఇంకా తగ్గించేశాడు.

బయటికి వచ్చాక సెక్రటరీ తల్లి మెట్ల మీద నన్ను పట్టుకుంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. "ఏమప్పా మైకాయనా, ఆ పైన పావురాలకి చెప్పినట్టుండాదే వాక్యం. అవన్నా మారినాయా, సూడు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సెక్రటరీ నవ్వలేదు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి, డబ్బాలో పెట్టి, డబ్బా జేబులో పెట్టుకుని, ఇంటివైపు నడిచాడు. కోత పండుగ పై ఆదివారమే.

నేను మెట్ల మీదే ఉండిపోయాను. కాసేపటికి అయ్యగారి భార్య, అమ్మగారు అనేవాళ్ళం, స్టీలు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది. ఆమె ఆయనకు పూర్తిగా వ్యతిరేకం. గట్టి మనిషి, సూటి మాట.

"ఏమబ్బా, నేను మూడు దినాలుగా సూస్తా ఉండాను. సెప్పులిప్పినావు, లోపలికొచ్చినావు, సర్చి అంతా కాళ్ళరిగేట్టు తిరిగినావు. ఒక్కసారన్నా కూసున్నావా?"

గ్లాసు మెట్టు మీద పెట్టేశాను. నేను నా మొహం మీదికి తిప్పించుకున్న వెలుగంతా ఆ చాపల మీద కూర్చున్న తలలకు రెండు మూరల ఎత్తున పోతోంది. మగవాళ్ళవైపు బల్లలు ఎత్తు కాబట్టి వాళ్ళకు అందింది. ఆడవాళ్ళకు, వెనక గోడకు తగిలి తిరిగొచ్చిన ఎంగిలి మాట మాత్రమే మిగిలింది. జీవితంలో నేను కట్టిన మైకులన్నీ నిలబడ్డ జనానికే. జాతరలో ఎవరు కూర్చుంటారు? ఎలక్షన్లో కూర్చునేది గెలిచినాకే. చర్చి కొలిచాను, దూలాలు కొలిచాను, కూర్చున్న చెవి ఎత్తు మాత్రం కొలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ తాళ్ళు కట్టాం. అమ్మగారు ఆడవాళ్ళవైపు చాపలన్నీ పరిచింది. నేను మొదటి చాప మీద చతికిలబడ్డాను. నా మోకాళ్ళు అప్పటికే లేవడానికి అర్జీ పెట్టుకోవలసిన స్థితిలో ఉన్నాయి. లేచి కూర్చుని, లేచి కూర్చుని తిరగడం నా వల్ల కాదు. కాబట్టి కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే చేతులు ఆన్చి, చాప మీద నుంచి చాప మీదికి దేక్కుంటూ పోయాను. పైనుంచి బావమరిది, "బావా, నీకిప్పుడు నడక నేర్పించాల్నా?" అని అడుగుతూనే ఉన్నాడు.

అయ్యగారు పుస్తకం తెరవబోతే వద్దన్నాను. తెలిసిన వాక్యమైతే వినపడని మాటను చెవి తనే పూరించుకుని వినపడిందని అబద్ధం చెబుతుంది. నాకు తెలియని కథ కావాలి, మీ సొంతది ఏదైనా చెప్పండి అన్నాను. ఆయన కొంచెం సిగ్గుపడి, కొంచెం ఆలోచించి, సూళ్ళూరుపేటకు పెళ్ళిచూపులకు పోయిన కథ మొదలుపెట్టాడు.

ఆ కథ నేను దేకుతూ విన్నాను. మొదటి చాప మీద ఆయన రైలు దిగాడు. రెండో చాప మీద చెప్పు తెగింది. ఆ తర్వాత ఏమైందో వినపడలేదు. "అయ్యగారూ, చెప్పు తెగినాక?" అని అరిచాను. బావమరిది ఆ స్పీకరును కొంచెం కిందికి వంచాడు, అయ్యగారు మళ్ళీ చెప్పాడు, తెగిన చెప్పు చేత్తో పట్టుకునే పెళ్ళివారింటికి పోయాడట. అలా కథ ఎక్కడ తెగితే అక్కడ స్పీకరును వంచుకుంటూ పోయాం. ఇప్పుడు వెలుగు చాప మీద కూర్చున్న నా మొహం మీద పడుతోంది. మొహం అదే, కాకపోతే చోటు కొంచెం తగ్గింది.

పెళ్ళికూతురు కాఫీ తెచ్చింది. సరిగ్గా అప్పుడే దగ్గర్లోని రాకెట్ల కేంద్రం నుంచి ఒక రాకెట్టు లేచిందట. ఇంట్లోవాళ్ళందరూ కాఫీలు వదిలేసి మిద్దె మీదికి పరిగెత్తారట. గదిలో ఆయనా, ఆమే మిగిలారు. కిటికీలు గడగడ అదురుతుంటే ఆయన ధైర్యం చేసి, "నాది ఊళ్ళు తిరిగే బతుకు. నీకు సమ్మతమేనా?" అని అడిగాడట. ఆమె ఏదో చెప్పింది. ఆ మోతలో వినపడలేదు. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. సరే అనే అన్నట్టుంది అనుకుని పెళ్ళి చేసుకున్నాడట.

ఆ మాట వచ్చేసరికి నేను మూడో స్తంభం పక్కకు చేరాను. అక్కడ చాప అంచు సర్దుతూ అమ్మగారు కూర్చుని ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ సంగతి ఆమె కూడా అప్పుడే వింటోందని నాకు అర్థమైంది.

"ఏమన్నారమ్మా ఆ పొద్దు?" అని మెల్లగా అడిగాను.

"ఏమంటాను? అందరూ మిద్దెక్కినారు. ఈయనొకడే తెగిన చెప్పు పట్టుకుని నడి ఇంట్లో నిలబడుండాడు. కూర్చోండి అన్నాను" అంది.

పీఠం దగ్గర నుంచి అయ్యగారు మైకులో, "ఏమంటా ఉండాది?" అని అడిగాడు. ఆ ప్రశ్న చాప చాపకూ సమంగా, స్పష్టంగా వినపడింది. జవాబు మాత్రం ఆయన దాకా పోలేదు. ఎంత బాగా కట్టినా స్పీకర్లు ఒకవైపే మాట్లాడతాయి. "ఏమీ లేదు, మీరు చెప్పండి" అని అమ్మగారు గట్టిగా అరిచి, నా వైపు చూసింది. ఆ చూపుకు నేను నోరు మూసుకున్నాను. బావమరిది గొలుసులు వేశాడు.

కోత పండుగ నాడు చర్చి అంతా పంటే. ఐరాల నుంచి వచ్చిన బెల్లం అచ్చులు, చెరకు గడలు, గుమ్మడికాయలు, టమోటా గంపలు, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు. జనం కిక్కిరిసి కూర్చున్నారు. చీరలూ మనుషులూ శబ్దాన్ని తాగేస్తారు కాబట్టి కొంచెం పెంచి, ఈసారి నేను కూడా వెనక గోడకు ఆనుకుని నేల మీదే కూర్చున్నాను. అయ్యగారు మొదలుపెట్టాడు. మొదటి మాటకు ఆడవాళ్ళవైపు ఒక్కరూ కదల్లేదు. రెండో మాటకు చెవి వెనకున్న ఒక చెయ్యి ఒళ్ళోకి దిగింది. ఆయన దాన్ని చూశాడు. ఆ తర్వాత ఆయన గొంతు పెరగలేదు గానీ, తొందర పోయింది. ఇంట్లో కూర్చుని చెప్పినట్టు చెప్పాడు. మధ్యలో ఒక కోడి ఏదో అంది, ఎవరూ పట్టించుకోలేదు.

బయట మెట్ల మీద కమిటీవాళ్ళంతా ఉన్నారు. సెక్రటరీ తల్లి చెప్పులు వెతుక్కుంటోంది. సెక్రటరీ ఆమె దగ్గరికి వెళ్ళి, "అమ్మా, అయ్యగారు ఏం చెప్పినాడు ఈ పొద్దు?" అని అడిగాడు. నేను స్తంభం పట్టుకున్నాను.

"ఏం, నిద్రపోయినావా?" అంది ఆవిడ. "చేను కోసేటప్పుడు అంతా ఊడ్చుకోగూడదంట. గట్టెంబడి రోంత ఇడిసిపెట్టాలంట, వెనకొచ్చేటోళ్ళకి. అది ఆయన చెప్పింది. నేను చెప్పేదింకోటుండాది. రిటైరయ్యేటోనికి కూడా రోంత ఇడిసిపెట్టాలరా. ఒక్క ఏడాది. నా ఇంకో చెప్పు యాడ?"

హెడ్మాస్టరు వంగి తల్లి చెప్పు వెతికి ఇచ్చాడు. పైవాళ్ళకు ఎవరూ ఏమీ రాయలేదు. ఆ ఏడాదంతా అయ్యగారే వాక్యం చెప్పాడు. చెప్పాల్సింది అయిపోయిందో లేదో తెలియదు గానీ, రిటైరై సత్యవేడుకు వెళ్ళిపోయాడు.

మొన్న, కొత్త చెవితో వాళ్ళను చూడ్డానికి సత్యవేడు వెళ్ళాను. చుట్టూ వేరుశనగ ఆరబోసిన వాకిలి, పచ్చికాయల వాసన. అయ్యగారి గొంతు ఇప్పుడు ఇంకా సన్నబడింది. మిషను పెట్టుకుని కూడా నేను ఆయన పెదవులు చూస్తూ వినాలి. ఆయన లోపలికి మందు వేసుకోవడానికి వెళ్ళినప్పుడు, నేను గుమ్మం దగ్గర నిలబడి ఆ పాత సంగతి ఎత్తాను. నాకు ఆ వెనక వరస స్పీకర్లే గుర్తొస్తున్నాయి. ముందెప్పుడో ఎవరో అన్న మాటను పట్టుకుని, అది మన దగ్గరికి నడిచి వచ్చేదాకా ఆగి, అప్పుడు చెవిలో వదలడం కాలానికి కూడా తెలిసిన కిటుకే. కాకపోతే అది ఆపేది త్రుటి కాదు, సగం జీవితం.

"అమ్మగారూ, రాకెట్టు మోతలో మీరన్నది ఇప్పటికైనా అయ్యగారికి చెప్పేద్దామా? నా చెవి కూడా సాక్ష్యముండాది" అన్నాను.

ఆమె చేటలో కాయలు ఏరుతూ, తలెత్తకుండానే అంది.

"వినపడని మాట మీదనే ఆయన ఇన్నేండ్లు కాపురం చేసినాడబ్బా. నీకు ఆ పొద్దే బాగా ఇనపడింది గదా, ఇంకా గడపలో నిలబడే ఉండావు. వచ్చి కూసో."